గోదాం వైపు

మా రోజెన్‌ఫెల్డ్ ఫుట్‌బాల్ మైదానంలో ఎడమ, కుడి అనే మాటలు చెల్లవు. మాది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, బంతి చేత్తో పట్టుకుని ఉరికేది. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరికి ఎడమ ఒకేవైపు ఉండదు, గ్యాలరీ పైన గదిలో కూర్చున్నవాడికి మరో వైపు. అవతలివాడు బంతి చంకన పెట్టుకుని దూసుకొస్తుంటే ఎవరి ఎడమో తేల్చుకునేలోపు వాడు గీత దాటేస్తాడు. అందుకని ఏ కాలంనాటి కోచ్ పెట్టాడో గానీ, మాకు రెండే దిక్కులు. గోదాం వైపు, చర్చి వైపు. మా బెంచీ వెనక చర్చి జంట శిఖరాలుంటాయి. మైదానానికి అవతల గోధుమలు నిలవచేసే కాంక్రీటు గోదాం ఉంటుంది, అది చర్చి కన్నా ఎత్తు. ఆ సంగతి ఎత్తితే మా ఫాదర్ గారికి కోపం. వేరే ఊరికి ఆటకు వెళ్ళినా ఇదే లెక్క. మన బెంచీ ఉన్నది చర్చి, దాని ఎదుటిది గోదాం, ఆ ఊళ్ళో గోదాం ఉన్నా లేకపోయినా. మా పిల్లలకు ప్రార్థనల కన్నా ముందు ఇది నోటికొస్తుంది.

మా ఆయన డెల్‌బర్ట్ రోర్ ఈ రెండు మాటల మీదే ముప్ఫై ఏళ్ళు నెట్టుకొచ్చాడు. హైస్కూల్లో చరిత్ర చెబుతాడు, వేసవిలో పిల్లలకు కారు నడపడం నేర్పుతాడు, ఆగస్టు వచ్చిందంటే డిఫెన్స్ కోచ్. అంటే అవతలివాళ్ళను గీత దాటనివ్వకుండా ఆపే పని. గెలిస్తే పేరు హెడ్ కోచ్‌కి, ఓడితే తిట్లు డిఫెన్స్ వాడికి. హెడ్ కోచ్‌గా ఉండమని బడివాళ్ళు మా వంటింట్లోకి వచ్చి మరీ అడిగారు. ఈయన కాఫీ పోసి పంపించాడు.

"ముందు నిలబడే దమ్ము లేదని చెప్పరాదూ!" అని ఎత్తిపొడిచాను.

"కింద నిలబడితే వీపులే కనబడతాయి మార్లిస్. పైనుంచి చూస్తేనే ఆట" అన్నాడు.

అంతే మనిషి. గ్యాలరీ నెత్తిన ఓ చెక్క గది, చెవులకు హెడ్‌సెట్, కింద ఉన్న హెడ్ కోచ్‌కి రెండు ముక్కలు. "గోదాం." "చర్చి." కింద హెడ్ కోచ్ చెయ్యి ఊపుతాడు, పిల్లలు అటు జరుగుతారు. హెడ్ కోచ్‌లు వచ్చారు, పోయారు. ఇప్పుడున్న కర్ట్ వాసింగర్ ఒకప్పుడు ఈయన దగ్గర ఆడినవాడే. వాడు ఏ మాటా పూర్తిగా అనడు, ఏ కుర్చీలోనూ పూర్తిగా కూర్చోడు. చిన్నప్పుడు నా బస్సులోనూ అంతే, అద్దంలో వాణ్ణి చూసి అరవని రోజు లేదు. అవును, బడి బస్సు నడిపేది నేనే. నాకు ఒకచోట కుదురుగా ఉండడం చేతకాదు. బస్సులో కూర్చునే ఉంటాను గానీ కూర్చున్నట్టుండదు, అందుకే ఆ పని నాకు పడింది.

కోచ్‌ల భార్యలం గ్యాలరీలో పైవరసలో, గోడకు వీపు ఆనించి కూర్చుంటాం. మా వెనకనుంచి ఎవరూ మా మొగుళ్ళను తిట్టకుండా. ముందునుంచి వచ్చేవి ఎలాగూ తప్పవు. విత్తనాల కొట్టు మెల్విన్ అయితే శుక్రవారం సాయంత్రం కోసమే గొంతు దాచుకుంటాడు.

"కళ్ళు పోయాయా రోర్! ఆ పిల్లాణ్ణి అక్కడ నిలబెట్టావేంటయ్యా!"

"నీ నోరు పోతే ఊరు బాగుపడుతుంది మెల్విన్!" అని నేను పైనుంచి.

కళ్ళు పోయాయా అన్న మాట మా దగ్గర ఉప్పులాంటిది. రెఫరీ మీద, కోచ్ మీద, ఎండలో సోడా అమ్మేవాడి మీద, ఎవరి మీదైనా చల్లుతారు. ఎవరూ నిజంగా అనరు, ఎవరూ నిజంగా తీసుకోరు.

పోయిన జూన్‌లో ఒకరోజు కారు పాఠం సగంలో ఆపేసి, నేర్చుకునే పిల్ల చేతే బండి నడిపించుకుని ఇంటికొచ్చాడు. ఆ పిల్ల మా గేటును కాస్త గీకింది కూడా. నేను గేటు కోసం అరుస్తుంటే ఈయన మెట్ల మీద కూర్చుండిపోయాడు.

"రోడ్డు మధ్య గీత కనబడ్డం లేదు మార్లిస్. రెండు పక్కలా గడ్డి బాగానే కనబడుతోంది. మధ్యలో ఎవరో వేలితో రుద్దేసినట్టుంది."

హేస్ పట్నంలో కళ్ళ డాక్టరు చెప్పింది ఒకటే. చూపు నడిమి భాగం పోతోంది, అంచులు మిగులుతాయి, పోయింది తిరిగి రాదు. దారంతా నేను బండి నడుపుతూ డాక్టర్ని తిట్టాను, దేవుణ్ణి తిట్టాను, ముందు వెళ్ళే ట్రాక్టర్ని తిట్టాను. ఈయన తల పక్కకు తిప్పి, కంటి అంచుతో పొలాలు చూస్తూ కూర్చున్నాడు. ఊరు దగ్గరపడ్డాక అన్నాడు:

"ఈ ఏడాది ఆటలు అయ్యేదాకా ఎవరికీ చెప్పకు. ఆ తర్వాత మానేస్తాను. మానేయాల్సింది నేను. అందరూ అయ్యోపాపం అని చెయ్యిపట్టుకుని నన్ను కిందకు దింపకూడదు. అది మాత్రం నేను పడలేను."

"మరి పైకెక్కి ఏం చూస్తావయ్యా? అంచున గడ్డా?"

"నువ్వు చూస్తావు. నాకు చెబుతావు."

మతి పోయిందా అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. కానీ ముప్ఫై ఏళ్ళుగా ప్రతి ఆదివారం మా హాల్లో ఆ ఆటల ఫిల్ములు తిరుగుతూనే ఉన్నాయి, నేను బట్టలు మడతపెడుతూ చూస్తూనే ఉన్నాను. ఎవడు ఎటు జరిగితే బంతి ఎటు పోతుందో నాకు తెలియదంటే అబద్ధం. పైగా గదిలో కూర్చుని ఎవరు ఎవర్ని పడగొట్టారో లెక్క రాసే ముసలాయన కూతురి దగ్గరికి విచిటా వెళ్ళిపోయాడు. ఆ కుర్చీ నేను తీసుకున్నాను. "మొగుడి మీద నిఘా పెట్టావా మార్లిస్?" అని మిగతా భార్యలు నవ్వారు. నవ్వనీ అనుకున్నాను.

ఆ శరత్తు నేను నిద్రపోయింది తక్కువ. గురువారం మైదానంలో సున్నం గీతలు గీసేది ఈయనే. మొదటి వారం ఓ గీత పాములా పోయింది. "డెల్‌బర్ట్ బీరు కొట్టి గీశాడర్రా" అని ఊరంతా ఒకటే నవ్వు. ఈయనా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. మరుసటి గురువారం నుంచి బస్సు పని అవగానే వెళ్ళి తాడు పట్టుకున్నాను. ఇనుప నిచ్చెన ఎక్కేటప్పుడు వెనకాలే నేను ఎక్కేదాన్ని, ఈయన కాలు మెట్టు వెతుక్కోవడం ఎవరి కంటా పడకుండా. వంటింట్లో నేనే గిన్నె కింద పెట్టి నేనే ఉలిక్కిపడేదాన్ని, ఫోన్ మోగితే కర్ట్‌కి తెలిసిపోయిందేమోనని పరుగెత్తి నేనే ఎత్తేదాన్ని. "చెప్పేద్దామయ్యా, వాడు నీ పిల్లాడే కదా" అని ఎన్నిసార్లు అన్నానో. "వాడు కాబట్టే చెప్పకూడదు. వాడు నన్ను దింపలేడు, దింపకుండా ఉండలేడు. వాడి పని వాణ్ణి చేసుకోనీ" అనేవాడు.

మేము గెలుస్తూ పోయాం. అదీ నా కర్మ. ఓడిపోయుంటే ఎప్పుడో తేలిపోయేది. నేను చెవిలో గొణుగుతాను: "పెద్దవాడు గోదాం వైపు జరిగాడు." ఈయన ఒక్క క్షణం ఆలోచించి, ఇక వాళ్ళేం చేయబోతారో తన బుర్రలోంచి తీసి కర్ట్‌కి చెబుతాడు. చూపు నాది, ఆట ఈయనది.

చివరి ఆట లార్కిన్‌లో. అది గెలిస్తే తర్వాతి రౌండుకు వెళతాం, ఓడితే ఆ ఏటికి ఇంతే సంగతులు. అప్పటిదాకా వేరే ఊళ్ళలో మేము ఏదో ఒక ట్రక్కు మీదో బల్ల మీదో, మా బెంచీ వెనకే నిలబడ్డాం. లార్కిన్ డబ్బున్న బడి. పొడుగాటి గది, అతిథి కోచ్‌లకూ అందులోనే చోటు. కానీ ఆ గది వాళ్ళ వైపు ఉంది. మా బెంచీ మైదానానికి అవతల ఉంది. మా బెంచీ వెనక, ఖర్మ కాలి, లార్కిన్ వాళ్ళ గోధుమల గోదాం ఉంది.

దారిలో బస్సు నడుపుతున్నది నేనే. ఈయన నా వెనక సీట్లో ముందుకు వంగి, పిల్లలకు వినబడకుండా చెవిలో చెబుతున్నాడు.

"ఇవాళ తిరగేసి గుర్తుపెట్టుకో. మన బెంచీ దూరంగా ఉంటుంది, అది చర్చి. నీ కాళ్ళ కింద ఉన్నది గోదాం."

"ఎదురుగా నిజం గోదాం పెట్టుకుని, దాన్ని చర్చి అనాలా?"

"అనాలి."

"ఆ గది అటువైపు కట్టినవాణ్ణి ఏం చేసినా పాపం లేదు."

"రోడ్డు చూడు మార్లిస్."

ఆట పొడుగునా నేను తప్పలేదు. కాళ్ళ కింద గోదాం, కాళ్ళ కింద గోదాం అని లోపల గొణుక్కుంటూనే ఉన్నాను. గదిలో మాకూ లార్కిన్ కోచ్‌లకూ మధ్య పల్చటి చెక్క అడ్డు. వాళ్ళకు వినబడకూడదని ఈయన భుజానికి భుజం తగిలించి కూర్చున్నాను. కాళ్ళు ఆగక బల్లను తన్నుతున్నాను. ఈయన తన బూటును నా బూటు మీద పెట్టి నొక్కిపట్టాడు. కింద కర్ట్ బెంచీ ముందు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, చూస్తేనే నాకు తల తిరిగింది.

ఆఖరి నిమిషాలు. మేము ఇరవై ఎనిమిది, వాళ్ళు ఇరవై నాలుగు. బంతి వాళ్ళ దగ్గర, మా గీతకు నాలుగడుగుల దూరంలో. గీత దాకా వచ్చినప్పుడు డెల్‌బర్ట్ నియమం ఒకటుంది: అందరికన్నా వెనక నిలబడే చివరి కుర్రాడు ఏ పిలుపుకీ కదలడు, మడమలు గీత మీద పెట్టి, సరిగ్గా రెండు స్తంభాల మధ్య నిలబడతాడు. మిగతావాళ్ళంతా పైనుంచి వచ్చే మాటను బట్టి జరుగుతారు. లార్కిన్ జట్టులో ఓ దున్నపోతు లాంటి పిల్లాడున్నాడు, వాడెటుంటే బంతి అటే. మొదట మధ్యలో నిలబడ్డాడు. తర్వాత ఉన్నట్టుండి దూరంగా, మా బెంచీ వైపుకు పరుగెత్తి నిలబడ్డాడు. వాడి తల వెనక ఆ కాంక్రీటు గోదాం, దీపాల వెలుగులో తెల్లగా, అచ్చం మా ఇంటి దగ్గర ఉన్నట్టే.

"గోదాం! గోదాం వైపు!" అన్నాను.

"గోదాం" అన్నాడు ఈయన హెడ్‌సెట్‌లో, వెంటనే, నా మాట మీద.

ఆ దున్నపోతు కర్ట్ ముక్కుకు ఎదురుగానే నిలబడ్డాడు. కర్ట్ వాణ్ణి చూస్తున్నాడు. అయినా పైనుంచి డెల్‌బర్ట్ గోదాం అన్నాడు గనక, తన కళ్ళకు కనబడనిదేదో పైనుంచి కనబడిందనుకుని చెయ్యి ఊపాడు. మా పిల్లలంతా నా కాళ్ళ కిందకు జరిగారు. తిరగేసి చెప్పానని నాకు అప్పుడు తెలిసింది. చర్చి అని దిద్దేలోపే ఆట కదిలిపోయింది. బంతి కర్ట్ ముందునుంచే పోయింది. చివరి కుర్రాడు ఒక్కడూ ఉరికి ఆ పిల్లాడి నడుము పట్టుకున్నాడు గానీ, వాడు వీణ్ణి ఈడ్చుకుంటూ గీత దాటేశాడు. దాటితే ఆరు పాయింట్లు, వాళ్ళు ముప్ఫై.

లార్కిన్ గ్యాలరీ మొత్తం మా కింద గంతులేస్తోంది, గది ఊగుతోంది. హెడ్‌సెట్‌లో కర్ట్ అరుపు నాక్కూడా వినబడింది.

"కోచ్! కళ్ళు పోయాయా మీకు? నా ముందే నిలబడ్డాడు కదా వాడు! కళ్ళు పోయాయా?"

మా ఆయన హెడ్‌సెట్‌ను సరిచేసుకున్నాడు. గొంతు ఏమీ మారలేదు.

"పోయాయిరా కర్ట్. జూన్‌లోనే పోయాయి."

చెక్క అడ్డు అవతల లార్కిన్ కోచ్‌లు కేకలేస్తున్నారు. అవతలి బెంచీ దగ్గర కర్ట్ ఆగిపోయాడు. చిన్నప్పటి నుంచి వాణ్ణి ఎరుగుదును. వాడు అలా కదలకుండా నిలబడడం నేను చూసింది అదే మొదలు.

"మరి ఇన్నాళ్ళూ... ఎవరు..."

"మార్లిస్."

నేను చచ్చిపోతే బాగుండుననుకున్నాను. ఈయన దాచుకున్నదంతా నా నోటి మాట ఒక్కటి పట్టుకెళ్ళి మైదానం మధ్యలో పెట్టేసింది. ఇప్పుడు కర్ట్ ఏమంటాడు? దిగి రండి కోచ్, మెల్లగా, జాగ్రత్త అంటాడు. ఆ జాగ్రత్త అన్న మాట వినకూడదనే కదా ఈయన ఇంత చేసింది.

"హెడ్‌సెట్ ఆవిడకివ్వండి" అన్నాడు కర్ట్.

పెట్టుకున్నాను.

"మిసెస్ రోర్, గోదాం అంటే ఎటు?" ముప్ఫై అయిదేళ్ళొచ్చినా వాడికి నేను మిసెస్ రోర్‌నే.

"మన బెంచీకి ఎదుటి వైపు."

"ఇప్పుడు మీకు ఎక్కడుంది?"

"నా కాళ్ళ కింద. నా కాళ్ళ కింద ఉందిరా నాయనా."

"ఆ. గీత దాటారు గనక వాళ్ళు ఇంకో రెండు పాయింట్ల కోసం మళ్ళీ ఆడుతున్నారు. చూసి కోచ్‌కి చెప్పండి. ఏం చేయాలో కోచ్ నాకు చెబుతారు. హెడ్‌సెట్ ఆయనకిచ్చేయండి."

ఈయన నా వైపు తిరగలేదు. తిరిగితే నేను కనబడను మరి, అంచు నుంచే చూడాలి. "చెప్పు" అన్నాడు. చెప్పాను. ఆ ఒక్కటీ ఆపారు మా పిల్లలు. కానీ ఏం లాభం, ఇరవై ఎనిమిది, ముప్ఫై. తర్వాత బంతి మాకొచ్చింది, మా వాళ్ళు జారవిడిచారు, అయిపోయింది.

తిరుగు దారిలో బస్సులో ఏడ్చే పిల్లలు ఏడ్చారు, నిద్రపోయేవాళ్ళు నిద్రపోయారు. కర్ట్ వచ్చి డెల్‌బర్ట్ పక్కన కూర్చున్నాడు. ఊరొచ్చేదాకా కూర్చునే ఉన్నాడు. దిగేటప్పుడు అన్నాడు, "రేపు పొద్దున ఫిల్ము ఉంది కోచ్."

"ఉంది కదా. వస్తాను" అన్నాడు ఈయన.

శనివారం పొద్దున్నే కోచ్‌లంతా చరిత్ర క్లాసులో కూర్చుని ముందురోజు ఆట చూడడం మా ఊరి ఆచారం, ఆ ఏటి ఆటలు అయిపోయినా సరే. నేను బియరాక్స్ చేసి పట్టుకెళ్ళాను, గొడ్డు మాంసమూ క్యాబేజీ కూరిన రొట్టెలు. మొహం చూపించడానికి సిగ్గేసింది, అందుకని పళ్ళెం ఎత్తిపట్టుకుని వెళ్ళాను. గిన్నెలూ గరిటెలూ అడ్డు పెట్టుకుంటే నాకు కాస్త ధైర్యం. లోపల కర్ట్, ఈ ఏడే కోచ్‌గా చేరిన లెక్కల మాస్టారు బ్రైస్ లైకర్, మా ఆయన. కర్ట్ నాక్కూడా కుర్చీ వేశాడు. నిన్నటి మాట ఎవరూ ఎత్తనందుకు నాకు ఇంకా కోపమొచ్చింది.

ఫిల్ము మొదలైంది. కర్ట్ పైకి చెప్పడం మొదలుపెట్టాడు. "వాళ్ళు అయిదుగురు ముందు, ఇద్దరు వెనక. పెద్దవాడు చర్చి వైపు. మన వాళ్ళు అటు జరిగారు. బంతి మధ్యలోంచి వచ్చింది, రెండడుగులు, పడ్డాడు." ఏ వాక్యమూ పూర్తి చేయనివాడు ఒక్కొక్కటీ పూర్తి చేస్తున్నాడు. లేచి తిరిగేవాడు తిరక్కుండా కూర్చుని చెబుతున్నాడు. మా ఆయన తల పక్కకు వాల్చి, "ఊఁ, మళ్ళీ వెయ్యి. చివర్లో ఎవడు పట్టుకున్నాడు?" అని అడుగుతున్నాడు. అచ్చం ఎప్పటిలాగే. మధ్యలో బియరాక్ తిన్నాడు, ఉప్పెక్కువైందన్నాడు.

ఆ ఆట దగ్గరకొచ్చింది. కర్ట్ ఆపేశాడు.

"కాఫీ కలుపుతాను" అని లేవబోయాను.

"కూర్చో మార్లిస్. వెయ్యి కర్ట్" అన్నాడు మా ఆయన.

వేశాడు. ఏమీ చెప్పకుండా వేశాడు. తెర మీద ఆ పెద్దవాడు పరుగెత్తాడు, మా పిల్లలు అటు వెళ్ళాల్సింది ఇటు వెళ్ళారు, బంతి గీత దాటింది.

"చివరి కుర్రాడు గీతకు మరీ వెనక నిలబడ్డాడు కదూ" అన్నాడు డెల్‌బర్ట్. "నేనే నిలబెట్టాను అక్కడ. పొద్దుట వాడికి చెప్పింది నేనే, కాస్త వెనక్కి ఉండరా అని. వాడు ముందుంటే అందుకునేవాడు. మార్లిస్ చర్చి అన్నా ఇదే అయ్యేది. ఈ తప్పు నాది."

కర్ట్ ఫిల్మును వెనక్కి తిప్పి, ఆ ఆట మొదట్లో ఆపాడు. తెర మీద చివరి కుర్రాడు నిలబడి ఉన్నాడు. మడమలు గీత మీదే ఉన్నాయి. రెండు స్తంభాలకు సరిగ్గా మధ్యలో ఉన్నాడు. వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ లేడు. ఆ గదిలో చూపున్న మా ముగ్గురికీ అది కనబడుతోంది.

బ్రైస్ నోరు తెరిచాడు. కర్ట్ వాడి మోకాలి మీద చెయ్యి వేశాడు.

"అవును కోచ్" అన్నాడు కర్ట్. "మరీ వెనక ఉన్నాడు."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ముప్ఫై ఏళ్ళలో ఈయన ఫిల్ము విషయంలో ఒక్క అబద్ధం చెప్పలేదు, ఒక్క పిల్లాణ్ణీ కాపాడడానికి కూడా. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తెర వంకే చూస్తూ కూర్చున్నాను. మా ఆయన చెయ్యి చాపి, బల్ల అంచు తడుముకుని, నా మోచెయ్యి దొరికాక అక్కడే ఉంచాడు.

"తర్వాతది వెయ్యి కర్ట్" అన్నాడు. "రెండు పాయింట్లది. అది ఆపాం మనం."